కొలత సరిపోని బెల్టు

అత్తయ్యగారికి మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. పాప మిమ్మల్ని మరీ సతాయించడం లేదని నమ్ముతున్నాను.

నేను సిగ్నల్ టవర్ మీద భయపడి పని వదిలేశానని మా ఆఫీసరు మీకు ఫోను చేస్తారు. "ఇంట్లో పెద్దవాళ్ళతోనే చెప్పిస్తాను" అని నా మొహం మీదే అన్నారు. అందుకే జరిగింది ముందుగా నేనే రాస్తున్నాను.

మొన్న పైన యాంటెన్నా సరిచేస్తుండగా కాలు జారింది. నడుము దగ్గర ఆగాల్సిన సేఫ్టీ బెల్టు చంకల్లోకి ఎగదన్నింది. అది మగవాళ్ళ కొలతకు కుట్టింది. నిచ్చెన చేతికి అందబట్టి బతికాను. నాకేం కాలేదు, అరచేయి కాస్త గీరుకుంది, అంతే.

దిగి చెబితే ఆఫీసరు నవ్వారు. "భయమేస్తే చెప్పమ్మా, కింద కూర్చుని రిపోర్టులు రాసుకుందువుగాని."

"భయం కాదు సార్, బెల్టు. మీరే చూడండి" అని అదే బెల్టు కట్టుకుని, షెడ్డులోని కప్పీతో నన్ను మూరెడు పైకి లేపమన్నాను. అందరి ముందూ అది మెడదాకా వచ్చేసింది. ఊపిరాడక కొట్టుకుంటే గబగబా దించారు.

"సరే, చిన్న బెల్టులు వచ్చేదాకా ఆడవాళ్ళు ఎక్కొద్దు" అన్నారాయన. కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిల మొహాలు పాలిపోయాయి. టవర్ ఎక్కనివాళ్ళకు ఇక్కడ ఇంజినీరు ఉద్యోగం ఖాయం చేయరు.

"అయితే అప్పటిదాకా ఎవ్వరూ ఎక్కొద్దని రాయండి" అన్నాను.

ఆయన అలా రాయలేదు, నేనే భయపడి పని వదిలేశానని పైవాళ్ళకు రాశారు. దాని మీద రేపు విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు, చెబితే వచ్చేయమంటారు.

ఆఫీసరు ఫోను చేసి, నా మాట వెనక్కి తీసుకోమని నాకు నచ్చజెప్పమంటే ఒప్పుకోకండి అత్తయ్యా. మా కోడలు ఎత్తుకు భయపడే మనిషి కాదని ఒక్క మాట చెప్పి ఫోను పెట్టేయండి.