మోకాలి మీద మచ్చ

సుమతక్కా,

నువ్వు పోయాక ఆయన్ని చేసుకుని ఈ ఇంటికొచ్చినదాన్ని, రాస్తున్నాను. నీ కూతురు లిఖిత ఇవాళ బయాలజీ హోంవర్కు తెచ్చుకుంది. అమ్మ పోలికలు ఒకవైపు, నాన్న పోలికలు ఇంకోవైపు రాయాలట. అమ్మ వైపు నింపడానికి గోడ మీది నీ ఫోటో దింపి ఒళ్లో పెట్టుకుంది. చెవి తమ్మెలు నీవే, బుగ్గ మీద సొట్టా నీదే. నుదుటి దగ్గర సుడి కూడా నీదేనని తేల్చింది.

పదకొండేళ్లుగా దానికి అన్నం కలిపి పెడుతున్నది నేను. ఒక కణం రెండయితే రెండూ పాతదానిలాగే ఉంటాయని అది పైకి చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. నేను పెట్టిన పప్పన్నంతో ఇన్నాళ్లూ పెరిగింది నువ్వన్నమాట.

"నావి ఒక్కటీ లేవా?" అని ఉండబట్టలేక అడిగేశాను.

అది పైజమా పైకి లాగి మోకాలి మీది మచ్చ చూపించింది. భవానీపురంలో సైకిల్ నేర్పుతూ నేను సీటు వదిలేస్తే తగిలిన దెబ్బ.

"ఇది నీదేగా అమ్మా. కానీ ఇలాంటివి పోలికల్లో రాయకూడదంట, మేడం మార్కులు కట్ చేస్తారు," అంది.

రాయకపోతే మానె. నీ ఫోటో తుడిచి మళ్లీ మేకుకు తగిలించాను. ఆ మచ్చ అందులో ఎంత వెతికినా దొరకదు.