మెత్తటి దారి

సెప్టెంబర్ 24

భావి తరాల కోసం రాసి పెడుతున్నాను: ఇవాళ మా ఊళ్లో ఒక దారికి రిబ్బన్ కత్తిరించారు.

వంతెన కాదు, ఆసుపత్రి కాదు. దారి. పాత టైర్లను పొడి కొట్టి, జిగురు కలిపి పోశారు. సమావేశాల హాలు గుమ్మం నుంచి వాగు నీళ్ల దాకా నల్లగా, మెత్తగా. డ్వేన్ మామ మా తెగ కౌన్సిల్ పెద్ద. ఆయన ఉపన్యాసం దారికంటే పొడుగు. పక్కనే బోర్డు కూడా పెట్టించాడు: ఈ దారిలో పాత టైర్లకు కొత్త జీవితం లభించింది అని. నా ట్రక్కు పాత టైర్లు కూడా అందులోనే కలిశాయి కాబట్టి నాకూ కాస్త గర్వంగానే ఉంది.

దారి వర్నా మామ్మ కోసం. మా అమ్మమ్మకి అక్క. ఏటా వానలు మొదలయ్యాక సముద్రం నుంచి వాగులోకి ఎక్కి వచ్చే మొదటి కోహో సాల్మన్‌ని పిలిచేది ఆవిడే. చేప మాకు చుట్టం. నీళ్ల దాకా ఎదురెళ్లి, చెయ్యి తడుపుకుని, మా భాషలో రమ్మనాలి. గట్టు మీద నిలబడి కేకేస్తే అవమానం. నిరుడు ఆ ఒడ్డు బురదలోనే జారి తుంటి విరగ్గొట్టుకుంది. నిరుడు చేపలు పలకరించే దిక్కు లేకుండానే వచ్చి, గుడ్లు పెట్టుకుని, వాటి దారిన అవి పోయాయి.

ఇవాళ చెప్పులు విప్పేసి, వాకర్ పట్టుకుని, చివరి దాకా నడిచింది. పరుపు మీద నడిచినట్టుందిరా కోల్బీ, ఇంక నా ఊపిరి ఉన్నన్నాళ్లూ నేనే పిలుస్తా, అంది. నీ తర్వాత నేను పిలుస్తాలే అని పిలుపులో మొదటి మాట పలికి చూపించాను. మామ్మ చెవులు మూసుకుంది. నీ ఉచ్చారణ వింటే చేప నవ్వి నవ్వి వెనక్కి సముద్రంలోకే పోతుంది, నోరు ముయ్యి, అంది. ఊరంతా నవ్వింది. యూనివర్సిటీ డిగ్రీ ఉన్నవాణ్ణి, ఇలాంటివి మనసులో పెట్టుకోను.

అక్టోబర్ 3

వాన లేదు.

అక్టోబర్ 9

వాన లేదు. వాగులో నీళ్లు మడమ దాటడం లేదు. కోహోలు బయట అఖాతంలో గుంపులుగా కాచుకుని ఉన్నాయి. వాగు పొంగితే గానీ ఎక్కవు.

నా ఉద్యోగం వాగు వెంట నడిచి చేపల్ని లెక్కపెట్టడం. లెక్క: సున్నా. జీవితంలో ఏ పనీ ఇంత కచ్చితంగా చేయలేదు.

మామ్మ రోజూ వాకిట్లో కుర్చీ వేసుకుని మబ్బుల్ని తిడుతోంది. కూర్చుని ఏం చేస్తారే సోమరిపోతుల్లారా, కిందికి దిగండి, అని. మధ్యమధ్య పాట కూడా పాడుతోంది. తిట్టు పనిచేస్తుందా పాట పనిచేస్తుందా అని అడిగాను. రెండూ, నువ్వు తప్ప ఈ ఇంట్లో అన్నీ పనిచేస్తాయి, అంది.

అక్టోబర్ 16, ఉదయం

వాన! తిట్టే గెలిచింది.

అక్టోబర్ 16, సాయంత్రం

మధ్యాహ్నానికి వాగు పొంగింది. చేపలు వచ్చాయి.

మొదటిది ఆడది, పెద్దది, పక్కలు ఎర్రబారి ఉన్నాయి. దారి చివర కాస్త దిగువన ఉన్న మడుగులో గుండ్రంగా తిరుగుతోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. పైకి తేలి ఒడ్డుకి గుద్దుకుంటోంది. పెళ్లి విందులో పీకల దాకా తాగి తిన్నగా ఇటే వచ్చినట్టుంది పాపం, అన్నాను. ఐరిస్ అక్క నవ్వలేదు. మా మత్స్యశాఖలో నా పై అధికారి. నా జోకులకు నవ్వడం తన డ్యూటీలో భాగమని ఎన్నిసార్లు చెప్పినా వినదు. ఇవాళ మాత్రం చెయ్యెత్తి ఆపింది.

చేప నా చేతుల్లోనే చచ్చిపోయింది. అక్క పొట్ట కోసింది. నారింజ రంగు గుడ్లు, నిండుగా, ముత్యాల్లా. ఒక్కటీ పెట్టలేదు.

మామ్మకి చేపలు ఇంకా రాలేదని చెప్పాం.

అక్టోబర్ 17

ఇవాళ కూడా. మడుగు నిండా. అన్నీ పొట్టల్లో గుడ్లతోనే.

అక్టోబర్ 18

ఊరంతా హైవేని తిడుతోంది. ఎందుకు తిట్టదు! పైన వంతెన మీదుగా పోయే హైవే మురికి వాగులో కలవకుండా ఫిల్టర్ చెరువు కట్టించడానికి మావాళ్లు పదేళ్లు కొట్లాడారు. కట్టారు. ఇప్పుడు దాన్నీ పాడు పెట్టారు దొంగవెధవలు, అని డ్వేన్ మామ ఫోన్ మీద ఫోన్.

ఐరిస్ అక్క మాత్రం ఒక సంగతి పట్టుకుంది. అదే నీళ్లలో చమ్ అనే ఇంకో రకం సాల్మన్లు కూడా ఎక్కుతున్నాయి. వాటికి జలుబు కూడా చేయలేదు. కోహోలే చస్తున్నాయి. అలా ఎంచి చంపేది టైరు, అంది. రబ్బరు పగలకుండా కలిపే మందు ఒకటి ఉందట. అది గాలి తగిలి విషంగా మారుతుంది. వాన కడిగి తెస్తుంది.

సరే, హైవే టైర్లేగా అని చెరువు దగ్గరికి పోయాం. నిక్షేపంగా ఉంది. రెల్లు ఏపుగా పెరిగింది, నీళ్లు నిదానంగా ఇంకుతున్నాయి. మరి ఈ టైరు ఎక్కడిదక్కా, అన్నాను.

 వచ్చేటప్పుడు అక్క, మామ్మ కోసం వేసిన దారి మీద ఆగి, వంగి తాకి, తడి వేలిని చూసుకుంది.

అక్టోబర్ 20

రెండు బోనులు దించాం. ఒకటి చెరువుకి కింద, దారికి పైన. ఇంకొకటి దారి మీది నీళ్లు వాగులో పడే చోట. రెండింట్లోనూ హేచరీ నుంచి తెచ్చిన కోహో పిల్లలు. శాస్త్రీయ దృక్పథంతో కింది బోను పిల్లలన్నిటికీ కౌన్సిల్ సభ్యుల పేర్లు పెట్టాను. అన్నిటికంటే లావుగా ఉన్నది డ్వేన్ మామ.

రేపు వాన అంటున్నారు. రాకపోతే బాగుండు. ఈ ఊళ్లో వాన వద్దనుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

అక్టోబర్ 21

పడింది.

పై బోను: అన్నీ ఈదుతున్నాయి.

కింది బోను: ఒక్కటీ బతికి లేదు. లావుది కూడా.

ఈ జోకు ఎవరికీ చెప్పలేను.

అక్టోబర్ 22

కౌన్సిల్ మీటింగ్. దారిని రేపే తవ్వేయాలి అంది ఐరిస్ అక్క. డ్వేన్ మామ తలెత్తకుండా, ఇప్పుడు కాదమ్మా, వసంతంలో చూద్దాం, అన్నాడు. అప్పటిదాకా పడే ప్రతి వానా చంపుతుందయ్యా, అని అక్క అరిచింది. మరి అత్తకేం చెప్పను, అని మామా అరిచాడు. అత్తా, నీ కోసం వేసిన దారే నీ చుట్టాల్ని చంపింది అని చెప్పనా? నువ్వు చెప్తావా? పక్క నది వాళ్లనడిగి బతికిన చేపనొకదాన్ని తెద్దాం. ఈసారికి పిలవనీ. ఇదే ఆఖరిసారేమో.

ఆ దారి కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. అత్త తుంటి ఎక్స్‌రే చేత్తో పట్టుకుని తిరిగాడు. ఆయన్ని తిట్టడానికి కూడా నోరు రాలేదు.

తీర్మానం: పక్క నది చేప వచ్చేదాకా మామ్మని నవ్విస్తూ ఉండే బాధ్యత కోల్బీది. చేతులెత్తి ఆమోదించారు. యూనివర్సిటీ నాకిచ్చినదానికంటే పెద్ద పట్టా.

అక్టోబర్ 23

పొద్దుటి నుంచి వరసగా జోకులు. మామ్మ రొట్టె ముక్క టీలో ముంచుతూ అంతా విన్నది. మీ తాత పోయిన రోజు కూడా నువ్వు ఇలాగే వాగావురా, అంది. ఎవరు పోయారు?

చెప్పేశాను. మడుగు, బోనులు, టైర్లు, దారి. పక్క నది చేప సంగతి కూడా.

ఆడవా, అని అడిగింది. అవునన్నాను. గుడ్లతోనా? అవును. ఈ గుడ్లే కదా మూడేళ్లకి పెద్దవై తిరిగి రావలసింది, అంది. అవునన్నాను. ఆవిడకి ఎనభై ఆరు.

టీలో రొట్టె నానిపోయి కరిగిపోయింది. 

చెప్పులు విప్పి నడిచానురా దాని మీద. ఎంత మెత్తగా ఉందో.

అక్టోబర్ 24

మామ్మ తెల్లారగానే వాకర్‌తో పోయి, దారి మధ్యలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఒళ్లో గునపం. వాన.

డ్వేన్ మామ గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అత్తా లే, తడిసిపోతావ్, అన్నాడు. ఇది ఎవరి కోసం వేశావు, అని అడిగింది. నీ కోసమే అత్తా. అయితే నాదేగా? నీదే. తీసెయ్.

ఎక్స్‌రే తిప్పినవాణ్ణి నన్నే తీయమంటావా, అన్నాడు. నువ్వు కాకపోతే ఇంకెవరు తీస్తార్రా పిచ్చివాడా, అని గునపం అందించింది.

మామ కోటు విప్పి ఆవిడ భుజాల మీద కప్పాడు. మొదటి దెబ్బ ఆయనదే. తర్వాత ఊరంతా దిగింది. చాపలు చుట్టినట్టు చుట్టి, ట్రక్కులకెత్తి, నీళ్లు తగలని షెడ్డులో పడేశాం. అడుగున నిరుటి బురద, నిరుటి వాసనతో, మా కోసమే కాచుకున్నట్టు ఉంది.

అక్టోబర్ 31

మళ్లీ గట్టి వాన. కింది బోనులో కొత్త పిల్లలు బతికాయి. వాటికి పేర్లు పెట్టలేదు.

వాగులో పెద్ద కోహో ఒక్కటి కూడా లేదు. అఖాతంలోనూ లేవని పడవల వాళ్లు అంటున్నారు. రావలసినవి ఆ మొదటి వానకే వచ్చేశాయి.

పక్క నది వాళ్లు చేపనిస్తామన్నారు. మామ్మ వద్దంది. వాళ్ల చుట్టాన్ని నేనెలా పిలుస్తాను, అంది.

నవంబర్ 6

అయినా పిలవాలంది. చక్రాల కుర్చీలో తోసుకొచ్చాను. సగం దారిలోనే చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఎత్తుకుంటానంటే వద్దంది. గట్టు మీది నుంచి కేకేయకూడదు, నువ్వెళ్లు, అంది.

వెళ్లాను. చెయ్యి తడుపుకున్నాను. వెనక నుంచి ఆవిడ ఒక్కో మాటా అందించింది, నేను పలికాను. అన్నీ తప్పులే. ఒక్కటీ దిద్దలేదు.

నీళ్లలో ఎవరూ నవ్వలేదు.