అత్తగారి ఇటుకల ఆట

అత్తయ్యా,

మీ ఇటుకల ఆట తెరవగానే ఎందుకు మూసుకుపోతోందో పొద్దున్నే కనిపెట్టాను. ఆట పాతకాలంది, కంప్యూటర్ కొత్తది, రెండింటికీ పొసగడం లేదు. సెట్టింగు మార్చేశాను. ఇక మామూలుగా తెరవండి. కంప్యూటర్ ఏదో అడుగుతుంది, భయపడకుండా "ఎస్" నొక్కండి. ఆట చిన్న కిటికీలో వస్తుంది, అలాగే ఆడుకోండి. పెద్దది చేశారో, మళ్లీ మూసుకుపోతుంది.

కోడలే పాడుచేసిందని వదినకు ఫోన్‌లో చెప్పారట. బాగుచేసింది కూడా కోడలేనని చెప్పండి మరి! అయినా మోకాలి ఆపరేషన్ అయ్యాక మీరు పకపకా నవ్వింది ఆ ఆట ముందు కూర్చున్నప్పుడే. అందుకే ఆఫీసుకు ఆలస్యమవుతున్నా వదిలిపెట్టలేదు.

నా స్కోరు దాటితే ఫోన్ చెయ్యకండి, మీటింగులో ఉంటాను. సరే, చెయ్యండి. బయటికొచ్చి మాట్లాడతాను.