సోమవారాలే ఎందుకు ఎక్కువ

అక్కా,

ముందు నువ్వు చదివి, తర్వాత బావగారికి వినిపించు. ఆయనకు మొహం చూపించలేక రాస్తున్నాను.

పాప రక్తాన్ని మా ల్యాబులో పరీక్షించి, సీసం ఎక్కువుందని రెండు నెలల కిందట చెప్పింది నేనే. ఇళ్లకు రంగులేసే మనిషి ఒంటి మీది దుమ్మే కారణమని తేల్చి, బావగారిని వెనక గదిలోకి తరిమింది కూడా నేనే. తలుపవతల నుంచి ఆయన కథ చెబితే పాప ఇవతల కూర్చుని వింటోందని నువ్వు రాస్తే, జాగ్రత్త మంచిదే అన్నాను. ఇరవై ఏళ్ల అనుభవం కదా, నోటికి అడ్డేముంది.

మొన్న మా ల్యాబులో రక్తం చుక్క లేని ఖాళీ గొట్టంలో కూడా సీసం కనబడింది. మిషన్ని తిట్టాను, నీళ్లను తిట్టాను. కొత్తగా చేరిన అమ్మాయి రిజిస్టరు తిరగేసి, "సార్, సోమవారాలే ఎక్కువొస్తోంది. ఆదివారం మీరేం చేస్తారు?" అంది.

ఆదివారం నేను జుట్టుకు రంగేసుకుంటాను అక్కా. అందులో సీసం ఉందని డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. కళ్లజోడు పెట్టుకుంటే వయసు తెలిసిపోతుందని ఇన్నాళ్లూ చదవలేదు. పాప రక్తం పరీక్షించిందీ సోమవారమే. నా తలలోంచి రాలిన పొడే పాప గొట్టంలో పడింది.

గుండు చేయించుకున్నాను. అప్పుడే వేరే గొట్టంలో మూతపెట్టి దాచిన పాప రక్తాన్ని ఆ అమ్మాయి చేత మళ్లీ చూపించాను, వేరే ల్యాబుకూ పంపాను. ఏ దోషమూ లేదు.

ఆదివారం వస్తాను. అప్పటికి పాప బావగారి భుజం మీద ఉండాలి. అక్కడైతే నా గుండు మొట్టడానికి దానికి బాగా అందుతుంది.

నెరిసిందని ఒప్పుకున్న
నీ తమ్ముడు