గడప దాకా లాన్

త్రివేణీ,

బస్సు దిగి రాగానే వాకిట కనబడే కొత్త లాన్‌కు నీళ్లు పట్టవద్దు. ముందు అమ్మకు కాఫీ కలిపిచ్చి, ఆమె పక్కన కాసేపు కూర్చో. పొద్దుటి నుంచి నా చేతి నీళ్లు కూడా ముట్టలేదు.

నువ్వు పుట్టింట ఉండగా, బెంగళూరు బంగళాల మాదిరి ఉండాలని గేటు నుంచి గడప దాకా పచ్చిక పరిపించాను. కల్లాపి చల్లి ముగ్గు వేయడానికి జానెడు మన్ను కూడా మిగల్చలేదు. ఈ పొద్దున ముగ్గు లేని వాకిలి చూసి, ఇంట్లో చావనుకొని, ఎదురింటి ముత్తప్ప తలగుడ్డ తీసి చేత పట్టుకొని వచ్చాడు.

"పెద్దమ్మ ఎప్పుడు పోయిందప్పా? ఒక మాట చెప్పకూడదా?" అన్నాడు.

అమ్మ బయటికొచ్చి, "నేను ఈడే ఉండాను ముత్తప్పా. పోయింది వాకిలి" అంది.

గడ్డి పరిపించిందీ నేనే, తిన్నదీ నేనే.

ఎర్రమన్ను కోసం ఉద్దనపల్లికి పోతున్నాను. గడప ముందరి పచ్చిక నేనే పీకుతాను, నువ్వు ముట్టుకోవద్దు.

ఇంకొక మాట. పెరటి తలుపు తీస్తే చూసి అడుగు వెయ్యి. ఎవరికీ కనబడని ఆ మూల అమ్మ ముగ్గు వేసింది.