పలుగురాయి తీగ ఆగిన చోట

తుకుం, చంద్రపూర్

అన్నకు,

చెల్లెలు సరళ దండాలు. నువ్వు, వదిన, చిన్నది, అమ్మ అందరూ బాగున్నారనే తలుస్తాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. ఈ మాట ఉత్తరంలో ఇంకోసారి కూడా రాస్తాను, నమ్ము.

నీ ఉత్తరం అందింది. మేనేజరు కాళ్లో వేళ్లో పట్టుకుని ఉద్యోగం నిలబెట్టుకో, లేకపోతే ఇంటికి వచ్చెయ్ అని రాశావు. రెండూ చేయనన్నా. ఎస్టీడీ బూతులో వెనక జనం నిలబడి ఉంటే సగమే చెప్పగలిగాను. మిగతాది చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు.

గోండ్‌పిప్రి దాటాక బస్సు దిగి అడవిలో రెండు గంటలు నడిస్తే ఆ చోటు వస్తుంది. వెనకటెప్పుడో సర్కారు వాళ్లు వెండి కోసం గుంటలు తవ్వి, బోర్లు వేసి, చాలించుకుని పోయారు. ఇప్పుడు ప్రైవేటు వాళ్లకు తలుపులు తెరిచారు కదా, మా కంపెనీ దాన్ని మళ్లీ పట్టుకుంది. నేల కింద అంతా గట్టి నల్లరాయి. ఎన్నో యుగాల కింద అది పగిలితే, ఆ పగులులోకి వేడినీళ్లు ఎక్కి తెల్లటి పలుగురాయిని తీగలా వదిలిపోయాయి. అందులోనే సీసం, జింకు, కొంచెం రాగి. సీసపు రాయిని సుత్తితో కొడితే పాచికల్లా విరిగి తళుక్కుమంటుంది. అది వెండి కాదు. వెండి దాని లోపల కలిసిపోయి ఉంటుంది, కంటికి కనబడదు. అందుకే ఈ పనిలో అబద్ధం చెప్పడం చాలా సులువు.

పాత గుంట దగ్గర తీగ జానెడు వెడల్పు ఉంది. వాగు వైపు పోతున్నకొద్దీ సన్నబడింది. వాగు అవతల మల్లయ్య తాత పొలం. ఆయన వాళ్లు తరాల కింద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగు రైతులే. తీగ ఆ పొలం కింద నుంచి అవతలి గుట్ట దాకా పోతుందని కంపెనీ లెక్క. దారి కోసం, షెడ్ల కోసం పొలం ఇస్తే కొడుక్కు ఉద్యోగం ఇస్తామని తాతకు చెప్పారు.

తీగ అక్కడిదాకా పోవాలని నాకూ ఉండెనన్నా. తీగ ఎంత దూరం పోతుందో చూసి రిపోర్టు రాయడమే నా మొదటి పని కదా. నలుగురు కూలీలతో వాగు అవతల అడ్డంగా కందకం తవ్వించాను. లేదు. తీగ విరిగి పక్కకు జరిగిందేమోనని అటూ ఇటూ మరో రెండు తవ్వించాను. ఉత్త నల్లరాయి. సర్కారు వాళ్లు అప్పట్లో బోర్లలోంచి తీసిన రాళ్లు తుప్పుపట్టిన పెట్టెల్లో ఉంటే కడిగి వరసగా చూశాను. వాటిలోనూ దారమంత గీతలు రెండే.

మేనేజరు హైదరాబాదు మనిషే. నవ్వుతూనే అన్నాడు, "తీగ గుట్ట దాకా పోతదని రిపోర్టుల రాయి. రాస్తే నీకేం పోతది?"

"నా సంతకం పోతది సార్."

"ఆడపిల్లవు, అడివిల తిరుగనిచ్చినం. గంతకంటె ఏం కావాలె?"

సుత్తి తీసుకుని కందకంలోకి దిగాను. రిపోర్టులో వాగు అవతల తీగ లేదనే రాశాను.

సాయంత్రం మల్లయ్య తాత వచ్చాడు. "బిడ్డా, సాఫ్ చెప్పు. నా పొలం కింద ఎండి ఉన్నదా, లేదా?"

"లేదు తాతా. గా గుంట కాడ ఉన్నది, గదీ జరంత."

ఆయన ముఖం మాడిపోయింది. "పోరనికి నౌకరి అస్తదని ఆశపడ్డ. నువ్వు నోట్ల మన్ను కొట్టినవ్." మర్నాటి నుంచి వాళ్ల బావి నీళ్లు మా క్యాంపుకు ఇవ్వలేదు. వాగులో చెలిమె తోడుకుని తాగాం. అప్పుడొక్కసారి ఏడ్చాను, నీతో దాచను.

ఆ వారమే బొంబాయి నుంచి యజమాని వచ్చాడు. మేనేజరు జీపు మీద మ్యాపు పరిచి, ఎర్ర గీత గుట్ట దాకా లాగి చూపిస్తున్నాడు. నేను ముందుకు పోయి, "సార్, ఒక్కసారి గుంటలోకి దిగి చెయ్యి పెట్టి చూడండి" అని హిందీలో అన్నాను. మేనేజరు కళ్లెర్రజేశాడు. యజమాని మాత్రం తెల్లబూట్లతోనే దిగాడు. గుంటలో తీగ మీద చెయ్యి పెడితే జాన పట్టింది. వాగు ఒడ్డున రెండు వేళ్లు. వాగు దాటి పొలం పక్క కందకంలో నల్లరాయి మీద అరచెయ్యి ఆనించి, పైకి చూసి, తీగ ఎక్కడని "కహాఁ హై?" అన్నాడు. మేనేజరు మ్యాపు చూపించాడు. ఊరి జనం గట్టు మీద నిలబడి చూస్తున్నారు, వాళ్లలో తాత కూడా.

యజమాని జీపెక్కి పోయాడు. పది రోజులకు నీ అవసరం లేదని నాకు కాగితం వచ్చింది. మేనేజరు ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. పొలంలో దారి వేయడం మాత్రం మానుకున్నారు.

సామాను తెచ్చుకోవడానికి పోయినప్పుడు తాత నాగలి కట్టి ఉన్నాడు. ఆపి అన్నాడు, "కోపం పోలేదు బిడ్డా. నౌకరి పాయె. గని పొలమున్నది. నీళ్లు తాగి పో."

తాగాను.

ఇక్కడే ఉంటానన్నా. రాజురా దిక్కు బోర్లకు నీటి జాగాలు చూసే పని ఒకటి ఉంది, అసలు సర్టిఫికెట్లు అడుగుతున్నారు. ఇనప పెట్టెలో అడుగున ఉంటాయి, రిజిస్టర్ పోస్టులో పంపు. వీలైతే గోంగూర పచ్చడి కూడా. మా ఇంటి ఓనరమ్మ జొన్నరొట్టె రోజూ పెడుతుంది, పచ్చడి మాత్రం మన ఇంటిదే కావాలి. ఎండ మండిపోతోంది, ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము. అయినా బాగున్నాను.

అమ్మను నన్ను తలచుకుని దీవించమని చెప్పు. పెద్దబాపుకు, చిన్నమ్మకు నా దండాలు. వాడకట్టులో ఎవరైనా నా ఉద్యోగం సంగతి అడిగితే దాచకు. లేని చోట లేదని రాసింది, అందుకే తీసేశారు అని చెప్పు. గొంతు తగ్గించి మాత్రం చెప్పకు.

నీ చెల్లెలు,
సరళ