పండని గడ్డ

మంగళవారం, కోయిలకుంట్ల

పోయిన వారం రేబీసు టీకాకని తీసుకపోతే, మా కుక్క కర్రిగాని గడ్డ చూసి డాక్టరే దాంట్లోంచి సూదితో కొంచెం తీసె. దాని రిపోర్టు ఈ పొద్దు వచ్చె. క్యాన్సరంట. పశువుల డాక్టరు వాని చంకలో చెయ్యి పెట్టి చూస్తే, ఆడ ఇంకా రెండు గడ్డలు తగిలినాయి. "రేగ్గాయంత ఉన్నప్పుడే తీసుకొచ్చింటే కోసేసేవాళ్లం గదమ్మా. ఇప్పుడు శానా దూరం పోయిండాది" అనె.

గడ్డ అంటే మాకు తెలిసింది సెగగడ్డే. పండాల, పగలాల, చీము పోవాల, మానాల. అందుకే మా అత్త మూడు నెలల నుంచి దినామూ సున్నమూ బెల్లమూ నూరి గడ్డకు పట్టు వేస్తాంది. నేను వాని తల తొడమీద పెట్టుకొని కదలకుండా పట్టుకుంటా ఉంటి. ఇంగ రెండు దినాలకు మెత్తబడుతుందిలే అని ఇద్దరమూ అనుకుంటానే ఉంటిమి. డిగ్రీ చదివిన నా మొగానికి ఒక్క దినమన్నా అనుమానం రాలే. థూ!

ఇంటికొచ్చినాక అత్తకు రిపోర్టు సంగతి చెప్పలే. ఎప్పటి మాదిరే సాయంత్రం సున్నం డబ్బీ తీసింది. ఆ మూత చప్పుడు ఇనంగానే కర్రిగాడు తోక ఊపుకుంటా వచ్చి, నా తొడమీద తల పెట్టి, గడ్డ ఉండే పక్క పైకి తిప్పి పండుకున్యాడు. మంచి చేస్తాండామనే వాని నమ్మకం.

"చూడమ్మే, ఈ పొద్దన్నా మెత్తబడిందా?" అని అడిగె అత్త.

వేలితో ఒత్తి చూస్తి. రాయి.

"కొంచెం మెత్తబడిందత్తా" అంటి.